ఇసబెల్ కెర్

ఇసబెల్ కెర్ (1875 - 1932) స్కాట్లాండుకు చెందిన వైద్యురాలు, మిషనరీ. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలోని విక్టోరియా కుష్టు ఆసుపత్రిని భర్త జార్జి కెర్‌తో కలిసి స్థాపించింది. కుష్టువ్యాధి అనగానే రోగిని ఊరవతలకు పంపివేయుట తప్ప వేరు మార్గం తెలియని కాలంలో, ఆశ్రమాన్ని ఆసుపత్రిగా మార్చిన తొలితరం వైద్యులలో ఈమె ఒకరు. నిజామాబాదు, కామారెడ్డి, ఆర్మూరు ప్రాంతాల పెద్దలకు డిచ్‌పల్లి దవాఖానా పేరు బాగా తెలుసు. దాని వెనుక ఉన్న వైద్యురాలి పేరు మాత్రం నేటి విద్యార్థులలో చాలామందికి తెలియదు. ఆమెకు వ్యాధిని నేర్పిన రోగుల పేర్లు ఎవరికీ తెలియవు.

జననం, విద్య

ఇసబెల్ 1875లో స్కాట్లాండు ఈశాన్య తీరప్రాంతమైన బాన్ఫ్‌షైర్‌లోని ఎంజీ అనే పల్లెప్రాంతంలో ఒక రైతు కుటుంబంలో జన్మించింది. తండ్రి జాన్ బెయిన్ గన్, తల్లి మేరీ గార్డెన్. అబర్దీన్ విశ్వవిద్యాలయం స్త్రీలకు ప్రవేశం కల్పించినది 1892లో. ఆ తరువాత వైద్యం చదివిన తొలి విద్యార్థినుల తరానికి చెందిన ఇసబెల్ 1903లో పట్టా పొందింది. అదే కాలంలో జార్జి మెక్‌గ్లాషన్ కెర్ అనే మతబోధకునితో వివాహం జరిగింది. కొన్ని సంవత్సరాలు స్వదేశంలోనే గడిపిన పిదప, 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున దంపతులిద్దరూ హైదరాబాదు సంస్థానానికి వచ్చారు.

ఆనాటి పరిస్థితి

అప్పటి నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ, పల్లె ప్రజల భాష తెలుగు. ఇందూరు అని పిలువబడిన పట్టణానికి నిజామాబాదు అనే పేరు స్థిరపడుతున్న రోజులవి. సికింద్రాబాదు నుండి మన్మాడుకు పోయే రైలుమార్గం అప్పటికే జిల్లా గుండా నడుస్తున్నది. రైలు ఉన్నా వైద్యం లేదు. ముఖ్యంగా కుష్టురోగులను చేర్చుకొని చూసే స్థలం ఆ ప్రాంతంలో లేకపోవుట కెర్ దంపతుల దృష్టికి వచ్చింది.

తెలుగునాట ఈ వ్యాధిని పేరుపెట్టి పలుకుటకు కూడా జంకి, పెద్దరోగం అని, మహారోగం అని అనేవారు. పూర్వజన్మ పాపఫలమని నమ్మేవారు. ఇంట్లో ఒకరికి మచ్చ కనిపించినచో ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధం రాదు. కనుక కుటుంబం మొదట చేసే పని వ్యాధిని దాచుట. దాచినన్నాళ్లు అది ముదురుతుంది. ముదిరి బయటపడిన తరువాత ఊరు రోగిని వెలివేస్తుంది. బ్రిటిషు ఇండియాలో 1898 నాటి కుష్టురోగుల చట్టం బిచ్చమెత్తుకొనే రోగులను పట్టి ఆశ్రమాలలో ఉంచుటకు అధికారమిచ్చింది. ఆ చట్టం 2016లో గాని రద్దు కాలేదు. అంటే చట్టం దృష్టిలోనూ ఊరి దృష్టిలోనూ రోగి తొలగించవలసిన వస్తువే. అతనిని అడిగి తెలుసుకొనవలసినది ఏమైనా ఉంటుందని ఎవరికీ తోచలేదు.

నిజానికి ఈ వ్యాధి అంత సులభంగా అంటుకొనేది కాదు. నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో దీనికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నాడు. అది చర్మాన్ని, నరాలను పట్టుకొంటుంది. నరం దెబ్బతిన్నచోట స్పర్శ, నొప్పి పోతాయి. వ్రేళ్లు రాలిపోతాయని జనం అనుకొనేది నిజం కాదు. నొప్పి తెలియనందున కాలిన గాయాలు, కోసుకొన్న గాయాలు పట్టించుకొనక పుండ్లు పడి, ఎముక చెడి, వ్రేళ్లు కురచబడతాయి. ఆర్మూరు ప్రాంతపు పాఠకులకు ఒక ఉదాహరణ చెప్పవచ్చును. పసుపు తవ్విన తరువాత కొమ్ములను పెద్ద కడాయిలలో ఉడికించి ఎండబోస్తారు (ఇటీవల ఆవిరి యంత్రాలు వచ్చినవి). ఆ కడాయి అంచు తగిలితే ఎవరైనా చేయి వెంటనే వెనుకకు లాగుకొంటారు. స్పర్శ పోయిన చేతివాడు లాగుకొనడు, వానికి తెలియదు. సాయంత్రం బొబ్బను చూసి గాని కాలినట్లు గ్రహించడు.

నిజామాబాదు నుండి డిచ్‌పల్లికి

కెర్ దంపతులు 1911లో నిజామాబాదులో కుష్టురోగుల కొరకు ఒక చిన్న ఆశ్రమాన్ని తెరిచారు. వచ్చేవారి సంఖ్యకు ఆ స్థలం చాలలేదు. అప్పుడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత పెద్దమొత్తంలో విరాళమిచ్చాడు. క్రైస్తవ మిషన్ నడిపే సంస్థకు, అందులోనూ అందరూ దూరంగా ఉంచే రోగుల కొరకు, ఒక స్థానిక హిందూ ప్రముఖుడు ధనమిచ్చుట ఆనాటికి సామాన్య విషయం కాదు. జిల్లా చరిత్ర వ్రాసేవారు ఆయనకు ఇంతకంటె ఎక్కువ చోటు ఇవ్వవలసియున్నది.

నిజామాబాదుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, రైలుస్టేషను గల డిచ్‌పల్లి వద్ద 1913లో నిర్మాణం మొదలై, 1915లో విక్టోరియా కుష్టు ఆసుపత్రి ప్రారంభమైనది. డిచ్‌పల్లి అప్పటికే కొండమీది పురాతన రామాలయానికి ప్రసిద్ధి. హైదరాబాదు నుండి ఆర్మూరు మీదుగా ఉత్తరానికి పోయే నేటి 44వ జాతీయ రహదారి ఈ ఊరిమీదుగానే పోతున్నది.

తొలి సంవత్సరాలలో వైద్యురాలి చేతిలో చెప్పుకోదగిన మందు లేదు. పుండ్లు కడిగి కట్టుకట్టుట, తిండి పెట్టుట, నీడ చూపుట మాత్రమే చేయగలిగింది.

చాల్మూగ్ర తైలం

కుష్టుకు చాల్మూగ్ర జాతి గింజల నూనె వాడుట మన దేశంలో ప్రాచీనమైనదే. సుశ్రుతసంహితలో తువరకమనే పేరుతో ఇది కనిపిస్తుంది. పశ్చిమ కనుమలలో పెరిగే హిడ్నోకార్పస్ చెట్టును తెలుగులో అడవిబాదం అంటారు. 1854లో మౌఆట్ అనే వైద్యుడు ఈ నూనెను పాశ్చాత్య వైద్యులకు పరిచయం చేశాడు. దీనితో వచ్చిన చిక్కు ఏమనగా, నోటితో పుచ్చుకొంటే కడుపులో త్రిప్పి వాంతి అవుతుంది. కావలసినంత మోతాదు ఎవరూ తట్టుకోలేరు. 1915 ప్రాంతంలో మనీలాలో హైజర్, హవాయిలో ఆలిస్ బాల్ అనే యువ రసాయన శాస్త్రవేత్త, కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ వేరువేరుగా దీనిని సూదిమందుగా మార్చే ప్రయత్నాలు చేశారు. రోజర్స్ తరువాత కలకత్తాలో ఎర్నెస్టు మ్యూర్ ఆ పనిని కొనసాగించాడు. మ్యూర్ పద్ధతిలో హిడ్నోకార్పస్ నూనెను సూదితో ఎక్కించుటతోబాటు మంచి ఆహారం, వ్యాయామం, శరీరశ్రమ, ఇతర జబ్బులకు ముందుగా చికిత్స అనేవి కూడా ముఖ్యభాగాలు.

ఇసబెల్ కెర్ ఈ పద్ధతిని డిచ్‌పల్లిలో ప్రవేశపెట్టింది. అక్కడి నుండి ఆసుపత్రి స్వరూపం మారింది. అంతవరకు చివరిదశలో, పోవుటకు చోటు లేక వచ్చినవారే ఎక్కువ. సూదిమందు వార్త పల్లెలకు పాకిన తరువాత మొదటి మచ్చ కనిపించగానే నడిచివచ్చేవారు మొదలైనారు. వ్యాధి తొలిదశలో ఎట్లుండునో వైద్యులకు చూడదొరికినది అప్పటినుండే. రోగి దాచినంతకాలం వైద్యశాస్త్రం కూడా చివరి అధ్యాయమే చదువుతూ వచ్చినదని చెప్పవచ్చును.

అయితే ఈ చికిత్స తేలికైనది కాదు. నూనె చిక్కనిది, సూది లావుది. పొడిచినచోట గడ్డకట్టి రోజులతరబడి నొప్పి ఉండేది. ఒకసారి, రెండుసార్లు కాదు, వారం వారం, నెలల తరబడి, కొందరికి సంవత్సరాల తరబడి వేయించుకొనవలసి వచ్చేది. మధ్యలో జ్వరం రావచ్చును, ఉన్న మచ్చలు ఎర్రబడి ఉబ్బవచ్చును. అప్పుడు మోతాదు తగ్గించాలా, కొంతకాలం ఆపాలా అనేది రోగి చెప్పే మాటనుబట్టి నిర్ణయించవలసినదే.

రోగులే గురువులు

వైద్యవిద్యలోను పరిశోధనలోను రోగులకు, వారిని చూసుకొనేవారికి స్థానముండవలెనని ఈనాడు ప్రపంచమంతటా చెప్పుచున్నారు. కుష్టు విషయంలో ఇది ఆదర్శంగా రాలేదు, అవసరంగా వచ్చింది. దీనికి రెండు కారణాలు కలవు.

మొదటిది రోగనిర్ధారణ పద్ధతి. మచ్చను చూసి మాత్రమే కుష్టు అని చెప్పలేము. రోగిని కళ్లు మూసుకొనమని, మచ్చపై దూదిపోగుతోనో ఈకతోనో తాకి, తాకినచోటును వ్రేలితో చూపమని అడుగుతారు. చూపలేకపోతే అక్కడ స్పర్శ లేదని అర్థం. అంటే పరీక్ష సగం వైద్యుని చేతిలో, సగం రోగి నోటిలో ఉన్నది. భయపడిన రోగి, దాచదలచిన రోగి తప్పు చూపవచ్చును. నమ్మకం లేనిచోట ఈ పరీక్షే లేదు. తిమ్మిరి, మొద్దుబారుట, చీమలు ప్రాకినట్లుండుట వంటి మాటల మధ్య తేడాలు తెలియని వైద్యునికి తెలుగు పల్లెలో ఈ వ్యాధి అర్థం కాదు. ఆ మాటలు నేర్పవలసినది రోగులే.

రెండవది పరిశోధన. హాన్సెన్ కనుగొన్న సూక్ష్మజీవిని గాజుపాత్రలో పెంచుట ఇంతవరకు ఎవరికీ సాధ్యం కాలేదు. 1960లో షెపర్డ్ ఎలుక అరికాలిలోను, 1971లో మరికొందరు ఆర్మడిల్లో అనే జంతువులోను పెంచగలిగే వరకు, కొత్తమందు పనిచేయుచున్నదో లేదో తేల్చుటకు మనిషి శరీరం తప్ప వేరే చోటు లేదు. ఈ నిజానికి భయంకరమైన పార్శ్వం కూడా ఉన్నది. హాన్సెన్ తన సిద్ధాంతం రుజువు చేయుటకు 1879లో ఒక రోగిణి కంటిలోనికి ఆమె అనుమతి లేకుండా వ్యాధిపదార్థాన్ని ఎక్కించాడు. కోర్టు తీర్పు ఫలితంగా 1880లో ఆసుపత్రి పదవి కోల్పోయాడు. కుష్టు పరిశోధన చరిత్రలో రోగి సమ్మతి అనే ప్రశ్న అంత పాతది.

డిచ్‌పల్లిలో ఆ ప్రశ్న ఎట్లు పరిష్కారమైనదని అడిగితే, నేటి అర్థంలో వ్రాతపూర్వకమైన సమ్మతి అనేది ఆ కాలంలో ఎక్కడా లేదు. కాని నొప్పి పెట్టే సూదికి వారం వారం తిరిగి వచ్చేవాడు తన ఇష్టంతోనే రావలెను. రాని రోగి వలన చికిత్స ఆగిపోవుటే కాక, మందు గురించి తెలియవలసినది కూడా ఆగిపోతుంది. కనుక రోగి ఓపికే ఆనాటి పరిశోధనకు పునాది. దానిని సమ్మతి అనవచ్చునా, వేరే దారి లేనివాని సహనం అనవలెనా అనేది పాఠకులు ఆలోచించవలసిన విషయం. రెండూ కలిసి ఉండెనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఆనాటి కుష్టు ఆశ్రమాలన్నిటా పుండ్లు కడుగుట, కట్లు కట్టుట, నడవలేనివారికి అన్నం పెట్టుట, తోటపని, వంట వంటివి చాలావరకు రోగుల చేతిమీదుగానే జరిగేవి. బయటివారు ఆ పనికి రారు గనుక ఇది మొదట గతిలేక వచ్చిన ఏర్పాటు. మ్యూర్ పద్ధతి వచ్చిన తరువాత శ్రమ కూడా చికిత్సలో భాగమైనందున దానికి గౌరవం కలిగింది. పాత రోగి కొత్తరోగికి నేర్పేది ఏ వైద్యగ్రంథంలోను దొరకదు. పొయ్యి దగ్గర ఎట్లు జాగ్రత్తపడవలెను, రాత్రి పడుకొనేముందు అరికాళ్లు ఎట్లు చూసుకొనవలెను, సూది తరువాత జ్వరం వస్తే ఎప్పుడు భయపడనవసరం లేదు అనేవి అనుభవించినవాడు చెప్పితేనే అవతలివాడు వింటాడు.

డిచ్‌పల్లి చికిత్స పేరు పొందిన తరువాత, దానిని ఇతర వైద్యులకు నేర్పుట కెర్ దంపతుల ముఖ్యకార్యమైనది. నేర్చుకొనవచ్చిన వైద్యుడు పుస్తకం కంటె ముందు చూడవలసినది వరండాలో కూర్చున్న మనుషులను. మోచేతి వద్ద లావెక్కిన నరాన్ని వ్రేలితో గుర్తించుట, స్పర్శ పరీక్ష చేయుట, సూది లోతు తెలిసికొనుట అన్నీ రోగి శరీరం మీదనే నేర్చుకొనవలెను. రోగిని ముట్టుకొనుట అన్నదే చాలామంది వైద్యులకు మొదటి పాఠం. ఆ భయాన్ని పోగొట్టినది కెర్ మాటలకంటె, ఆమె రోజూ ముట్టుకొంటూ ఉండుటే అయియుండవచ్చును.

కుటుంబాలు

రోగి ఒక్కడినే చూసి కుటుంబాన్ని మరచుట నాటి ఆశ్రమాల పెద్దలోపం. స్త్రీలను, పురుషులను వేరుగా ఉంచుట, రోగుల ఆరోగ్యవంతులైన బిడ్డలను తల్లులనుండి వేరుచేసి పెంచుట అప్పట్లో దేశమంతటా మిషన్ ఆశ్రమాలలో ఆచారం. వ్యాధి పిల్లలకు సోకకుండుటకే అని చెప్పేవారు. ఆ తల్లులు ఏమనుకొన్నారో ఎవరూ వ్రాసి ఉంచలేదు. మత ప్రచారం కూడా మిషన్ ఉద్దేశాలలో ఒకటి అనే విషయాన్ని దాచనవసరం లేదు. సేవను మెచ్చుకొనేవారు ఈ రెండు సంగతులను కూడా తెలిసికొని మెచ్చుకొనుట మంచిది.

తొలిదశలో చికిత్స మొదలైనవారు ఇంటికి తిరిగిపోవుట సాధ్యమైన తరువాత కుటుంబం మళ్లీ కథలోనికి వచ్చింది. వారిని ఇల్లు చేర్చుకొనునా, ఊరి బావివద్ద నీళ్లు తోడుకొననిచ్చునా అనే వాటిమీద చికిత్స ఫలితం ఆధారపడింది. 1920ల చివరిలో మ్యూర్ రూపొందించిన ప్రచారం, చికిత్స, సర్వే అనే మూడంచెల పద్ధతి ఊళ్లలోనికి వెళ్లి ఇంటివారితో మాట్లాడుటపైనే నిలిచినది.

గౌరవం, మరణం

1923లో బ్రిటిషు ప్రభుత్వం ఇసబెల్, జార్జి కెర్‌లిద్దరికీ కైజర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది. ఇసబెల్ 1932లో మరణించింది. జార్జి 1938లో పదవీ విరమణ చేశాడు.

అనంతర కాలం

ఇసబెల్ జీవించిన కాలంలోనే డాక్టర్ జాన్ లోవ్ డిచ్‌పల్లిలో పనిచేశాడు. తరువాత ఆయన కలకత్తా ఉష్ణమండల వైద్య సంస్థకు, అటుపిమ్మట నైజీరియాలోని ఉజువాకోలికి వెళ్లాడు. 1941లో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రిలో ఫాజెట్ సల్ఫోను మందులు మొదలుపెట్టగా, డాప్సోను బిళ్లను నోటితో తక్కువ మోతాదులో ఇచ్చినా పనిచేస్తుందని 1940ల చివరిలో నిరూపించినవారిలో లోవ్ ప్రముఖుడు. చవకైన ఆ బిళ్ల వచ్చిన తరువాత నూనె సూదుల అవసరం తీరిపోయింది. హిడ్నోకార్పస్ నూనెకు నిజంగా ఎంత శక్తి ఉన్నదనే విషయంలో వైద్యులకు తరువాత గట్టి అనుమానాలు కలిగాయి. అనగా డిచ్‌పల్లి రోగులు సంవత్సరాలపాటు భరించిన నొప్పికి దొరికిన ప్రతిఫలం వారు ఆశించినంత కాకపోవచ్చును. కాని తొలిదశ రోగులు బయటకు వచ్చుట, వ్యాధిగతిని ఏళ్లతరబడి గమనించుట, ఆ శాస్త్రంలో వైద్యులు తయారగుట వారివలన జరిగినవే. లోవ్ కుష్టు వైద్యం నేర్చినది ఈ రోగుల మధ్యనే.

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన తరువాత ఆసుపత్రి దాని మెదక్ అధ్యక్షమండలం క్రిందికి వచ్చింది. 1982 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్స వలన కుష్టు పూర్తిగా నయమగుచున్నది. 2005 డిసెంబరు నాటికి భారతదేశంలో ఈ వ్యాధి పదివేలమందికి ఒకరికంటె తక్కువ స్థాయికి చేరినది. అయినను కొత్త రోగులు ప్రతి సంవత్సరం కనబడుచునే ఉన్నారు. స్పర్శలేని మచ్చ ఉన్నవారు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో చూపించుకొంటే మందు ఉచితంగా లభిస్తుంది.

రోగుల భాగస్వామ్యం వ్రాతపూర్వకమైన నియమంగా మారుటకు చాలాకాలం పట్టింది. కార్విల్ రోగులు 1941లో తమ పత్రిక ది స్టార్‌ను ప్రారంభించారు. 1994లో బ్రెజిల్‌లో వ్యాధి అనుభవించినవారి అంతర్జాతీయ సంఘం ఐడియా ఏర్పడినది. 2010 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ వారి పట్ల, వారి కుటుంబ సభ్యుల పట్ల వివక్ష తొలగించుటకై తీర్మానం చేసింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, కుష్టు సేవలలో రోగానుభవం గలవారి పాత్రను పెంచుటకు మార్గదర్శకాలు ప్రకటించింది. సలహాదారులుగా, శిక్షకులుగా, పరిశోధనలో భాగస్వాములుగా వారిని చేర్చుకొనవలెనని అందులో ఉన్నది. మన దేశంలో కుష్టు ఉన్నదనే కారణంతో భర్తగాని భార్యగాని విడాకులు కోరే వీలును పార్లమెంటు 2019లో తొలగించింది. అప్పటికి డిచ్‌పల్లి ఆసుపత్రి తెరిచి 104 సంవత్సరాలు.